వాగు పక్కవాళ్ళ ఇంటిపేరు

నలభై మూడేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను. నా పేరునీ నన్నూ పక్కపక్కన పెట్టి చూసి కంగారు పడని మనిషి నాకు ఒక్కరే తగిలారు. ఆవిడ మా పక్కింటావిడ.

మిగతావాళ్ళంతా ఒకటే తంతు. ఫోన్లో పేరు చెబితే "అయ్యో, మా నాయనమ్మ పేరు!" అని మురిసిపోతారు. మనిషిని చూడగానే మొహం మారిపోతుంది. ఆపరేషన్‌కి ముందు పేషెంట్లు కాగితం మీద నా పేరు చదువుకుని, ఎవరో పండు ముసలి తెల్ల డాక్టరమ్మ వస్తుందని తలుపు వైపు చూస్తూ ఉండేవాళ్ళు. తీరా లోపలికి వచ్చేది నేను. "మీ అసలు పేరేంటి?" అని అడిగినవాళ్ళూ ఉన్నారు. ఇదే నా అసలు పేరు నాయనా, ఎక్కణ్ణుంచీ ఎత్తుకురాలేదు, అని మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. పోనుపోను ఆ ఓపికా పోయింది. నేను మత్తు డాక్టర్ని కాబట్టి, వాళ్ళు రెండో ప్రశ్న వేసేలోపే నిద్రపుచ్చేదాన్ని.

నా పేరు పాత జర్మన్ పేరు. ఇక్కడ రాయను. రాస్తే మా తెలుగు సంఘంలో పిల్లాపాపా అందరికీ నేనెవరో తెలిసిపోతుంది. అర్థం మాత్రం చెబుతాను. అందులో రెండు ముక్కలున్నాయి. మొదటిది ఈటె, రెండోది బలం. మాది కోస్తాలో మిషన్ వాళ్ళ చేతుల మీదుగా నమ్మకంలోకి వచ్చిన కుటుంబం. నాకు ముందు మా అమ్మకి ఇద్దరు పుట్టి పోయారు. మూడోసారి మిషన్ ఆసుపత్రిలో ఒక అమెరికా డాక్టరమ్మ రెండు రోజులు అమ్మ పక్కనే ఉండి నన్ను బయటికి తీసిందట. ఆవిడ పూర్వీకులు జర్మనీ వాళ్ళు. బతికిన పిల్లకి ఆవిడ తన తల్లి పేరు పెట్టింది, మావాళ్ళు మహాప్రసాదం అనుకున్నారు. మా పేటలో ఇలాంటి పేర్లున్నవాళ్ళు అప్పట్లో ఇంకో నలుగురైదుగురు ఉండేవాళ్ళు లెండి. అర్థం ఎవరికీ తెలీదు. ఆడపిల్లకి ఈటె అని పేరు పెట్టామని తెలిస్తే మా నాయనమ్మ ఊరుకునేదా?

మేముండేది చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో, వరసగా గోడ గోడ కలిసి ఉండే టౌన్‌హౌసుల్లో. మేము అంటే, నేను. మావారు పోయి నాలుగేళ్ళయింది. మాకు పిల్లల్లేరు. పక్కింటావిడతో అంతకు ముందు ఐదేళ్ళ పరిచయం ఉందిగానీ అది చెయ్యి ఊపే పరిచయమే. మావారిని సమాధి చేసిన వారానికి ఆవిడ దాల్చినచెక్క వేసిన కేక్ పట్టుకుని వచ్చింది. అప్పటికి ఆవిడకి ఎనభై నాలుగు. గుమ్మంలోనే నా పేరు అడిగింది. ఉత్తరాల డబ్బా మీద మా ఇంటిపేరే ఉంటుంది, అసలు పేరు ఆవిడకి అప్పటిదాకా తెలీదు. చెప్పాను. మొహంలో ఏ మార్పూ లేదు. "మంచి గట్టి పేరు. ఇప్పుడు ఎవరూ పెట్టడం లేదు," అంది. లోపలికి వచ్చి, కోటు విప్పి, వంటింట్లో కత్తి ఎక్కడుందో తనే వెతుక్కుని కేక్ కోసింది. ఆ వారం రోజుల్లో మా ఇంటికి వచ్చినవాళ్ళలో ఏడవకుండా, నన్ను ఏడిపించకుండా కూర్చున్నది ఆవిడ ఒక్కతే.

అప్పట్నుంచి గురువారం పొద్దున పదింటికి కాఫీ. ఒక వారం మా ఇంట్లో, ఒక వారం వాళ్ళింట్లో. నాకేమో ఊరికే కూర్చుని కబుర్లు చెప్పడం చేతకాదు. చేతిలో పనేదో ఒకటి ఉండాలి. లైబ్రరీ వాళ్ళు పాత పుస్తకాలు తీసేస్తుంటే జర్మన్ పేర్ల నిఘంటువు ఒకటి దొరికింది. అట్ట ఊడిపోయిన ఇటుకరాయంత పుస్తకం. ఇక మా గురువారాలకి అదే పని. ఈ చుట్టుపక్కల వీధుల పేర్లన్నీ పాత జర్మన్ రైతులవే. ఊరి పేరే వాళ్ళు తెచ్చుకున్నది. వారానికి రెండు మూడు పేర్లు పట్టుకుని విప్పుకుంటూ కూర్చునేవాళ్ళం.

ఎంత యుద్ధపిచ్చి మనుషులండీ బాబూ! ఆవిడ పేరులో కూడా రెండు ముక్కలే, మొదటిదీ యుద్ధమే, రెండోదీ యుద్ధమే. హిల్డా అంటే యుద్ధం. మటిల్డా అంటే బలమూ యుద్ధమూ. బెర్న్‌హార్డ్ అంటే ఎలుగుబంటంత గట్టివాడు. విల్‌హెల్మ్ అంటే పట్టుదలా, తలకి పెట్టుకునే ఇనప టోపీ. ఫ్రీడ్రిక్ అంటే శాంతితో ఏలేవాడు అని వచ్చినప్పుడు "హమ్మయ్య, ఒక్కడు దొరికాడు," అన్నాను. ఆవిడ పడీపడీ నవ్వింది. ఆ రోజునుంచీ నన్ను "ఈటె" అని పిలవడం మొదలుపెట్టింది. నేను ఆవిడని "జోడు యుద్ధం" అనేదాన్ని. గోడ అవతల్నుంచి ఫోన్ చేసి "ఈటె గారూ, కాఫీ పెట్టాను" అనేది. గారూ అన్న ముక్క నేనే నేర్పాను.

ఆ పుస్తకంలో నన్ను కదిలించిన సంగతి ఒకటుంది. పాతకాలంలో వాళ్ళు అర్థం చూసి పేరు పెట్టేవాళ్ళు కాదట. తల్లి పేరులోంచి ఒక ముక్క, తండ్రి పేరులోంచి ఒక ముక్క తీసి కలిపి బిడ్డకి పెట్టేవాళ్ళు. ఒక్కోసారి ఆ రెండు ముక్కలూ పక్కపక్కన పెడితే ఏ అర్థమూ రాదు. రాకపోతే పోనీ, వీడు ఫలానావాళ్ళ బిడ్డ అని పిలిచినప్పుడల్లా తెలిస్తే చాలు. అది చదివి ఆ పేజీ మూల మడిచి పెట్టాను. ఆవిడకీ పిల్లల్లేరు. పెళ్ళే చేసుకోలేదు.

ఇంటిపేర్లు తర్వాత వచ్చాయి. ఊళ్ళు పెరిగి, ఒకే పేరున్నవాళ్ళు పదిమంది అయ్యాక, పనిని బట్టి, చోటుని బట్టి, ఆకారాన్ని బట్టి తగిలించుకున్నవి. ష్మిట్ అంటే కమ్మరి. ముల్లర్ అంటే పిండిమర వాడు. ష్నైడర్ అంటే దర్జీ. జిమ్మర్‌మన్ అంటే వడ్రంగి. కోలర్ అంటే అడవిలో బొగ్గులు కాల్చేవాడు. క్లైన్ అంటే పొట్టివాడు, క్రౌస్ అంటే ఉంగరాల జుట్టువాడు. ప్రతి ఊళ్ళో ఒక కమ్మరి ఉంటాడు కదా, అందుకని ష్మిట్‌లందరూ ఒక్కటి కాదు, ఎక్కడి కమ్మరి అక్కడే అని ఆ పుస్తకం మొదటి పేజీల్లోనే రాసి ఉంది. నేను చదివాను. బుర్రకెక్కింది గానీ మనసుకెక్కలేదు. నాకు ఇంటిపేరు అంటే వేరు.

మనవాళ్ళ సంగతి చెప్పేదేముంది. మనిషి కూర్చునీ కూర్చోకముందే "మీ ఇంటిపేరేంటి?" అని అడుగుతాం. యేసుప్రభువుని నమ్ముకున్నాం నిజమే, ఇంటిపేరు కనుక్కోకుండా సంబంధం కలుపుకున్నవాళ్ళని మా సంఘంలో ఒక్కళ్ళని చూపించండి. ఒకే ఇంటిపేరైతే అన్నదమ్ములే, మాట్లాడే పనే లేదు. మేము కొత్తగా చికాగో వచ్చినప్పుడు మావారు ఫోన్ పుస్తకంలో తన ఇంటిపేరు వెతికారు. ఒక్కటి దొరికింది. ముక్కూ మొహం తెలియని మనిషికి ఫోన్ చేసి, "మనం అన్నదమ్ములమండీ," అన్నారు. వాళ్ళూ, వీళ్ళూ ఏడు తరాల వెనక ఎక్కడ కలుస్తారో దేవుడికే తెలియాలి. ఆ ఆదివారం ఆయన భార్యనీ పిల్లల్నీ వేసుకుని మంచులో రెండు గంటలు డ్రైవ్ చేసి వచ్చాడు. నన్ను వదినా అన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ తర్వాత మావారి శవపెట్టె మోసినవాళ్ళలో ముందు నిలబడ్డది ఆయనే. పోయినేడాది ఆయనా పోయాడు. ఇంటిపేరు మనిషిని తెచ్చిపెట్టగలదని నేను కళ్ళారా చూసినదాన్ని. ఇది గుర్తుపెట్టుకోండి, నేను చేసిన తెలివితక్కువ పనికి నా తరఫున చెప్పుకోగలిగింది ఇదొక్కటే.

గడిచిన అక్టోబరులో ఒక గురువారం. కాఫీ వాళ్ళింట్లో. పుస్తకం తెరవబోతుంటే ఆవిడ పుస్తకం మీద చెయ్యి పెట్టింది. తుంటి ఎముక అరిగిపోయింది, నవంబరు చివర ఆపరేషన్ అంది. నాకు ముందే తెలుసు, నడక చూస్తే తెలీదా. తర్వాత ఒక కాగితం ముందుకి తోసింది. ఆ కాగితం నాకు బాగా తెలుసు. మనిషి మాట్లాడలేని స్థితిలో ఉంటే, ఆ మనిషి తరఫున డాక్టర్లకి ఏం చెయ్యాలో, ఏం చెయ్యొద్దో చెప్పే మనిషి పేరు అందులో రాయాలి.

"ఈటె గారూ, నీ పేరు రాయనా?" అంది. అంతే. బతిమాలలేదు, గొంతు మార్చలేదు. కేక్ ఇంకో ముక్క వెయ్యనా అన్నట్టు అడిగింది.

నేను నవ్వాను. నిజంగా నవ్వాను, ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. "నేనేంటండీ, ఇలాంటివాటికి సొంతవాళ్ళుండాలి," అన్నాను.

"సొంతవాళ్ళు లేరు కదా."

"లేకపోవడమేంటి? మీ ఇంటిపేరున్నవాళ్ళు ఎక్కడో ఉండే ఉంటారు. మా వైపైతే ఈపాటికి ఇద్దరు తమ్ముళ్ళూ ఒక మేనల్లుడూ తేలేవాళ్ళు. నేను వెతికిపెడతాను, చూస్తూ ఉండండి."

ఆవిడ కాగితం మడిచి సొరుగులో పెట్టింది. "సరే, వెతుకు," అంది.

అసలు సంగతి వేరే ఉంది. అది ఆవిడకి చెప్పలేదు. మావారికి స్ట్రోక్ వచ్చి పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. జీవితమంతా నేను చేసిన ఉద్యోగం జనం గొంతుల్లోకి గొట్టాలు వెయ్యడం. వేలమందికి వేశాను, తీశాను. పన్నెండో రోజున మావారి గొట్టం తీసెయ్యమని కాగితం మీద సంతకం పెట్టింది నేను. డాక్టర్‌గా అది సరైన పనే. రాత్రీ పగలూ అది సరైన పనే అని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను, నాలుగేళ్ళుగా. ఇంకోసారి ఆ సంతకం నావల్ల కాదు. భయం. పచ్చి భయం. దాన్ని ఇంటిపేరు చాటున దాచేశాను.

వెతకడం మాత్రం గట్టిగా వెతికాను. పట్టుదలకి నన్ను మించినవాళ్ళు లేరు. ఆవిడ ఇంటిపేరుకి "వాగు పక్కవాళ్ళు" అని అర్థం. వాళ్ళ ముత్తాత ఉత్తర జర్మనీలో ఒక పల్లెనుంచి వచ్చాడని ఆవిడ దగ్గరున్న పాత బాప్తిస్మం కాగితంలో పల్లె పేరుతో సహా ఉంది. పాత చర్చి రికార్డులు, సమాధుల జాబితాలు, పొలాల పటాలు, అన్నీ చూశాను. మూడు వారాలు తిండి నిద్ర కూడా సరిగ్గా లేవు. చివరికి దొరికారు. పక్క రాష్ట్రం ఇండియానాలో ఒక పొలంలో మొగుడూ పెళ్ళాం. అదే ఇంటిపేరు. అదే పల్లె. పేరూ ఊరూ రెండూ కలిశాక ఇంకేం కావాలి? మా వైపైతే ఈ పాటికి మైల కూడా పట్టేది.

ఫోన్ చేస్తే ఆవిడ, అంటే ఆ ఇంటావిడ, చాలా కలుపుగోలుగా మాట్లాడింది. శనివారం భోజనానికి రమ్మంది.

శుక్రవారం నాడు మా పక్కింటావిడ జుట్టు సెట్ చేయించుకుంది. ప్రతి శుక్రవారం చేయించుకుంటుంది గానీ ఆ రోజు మరీ శ్రద్ధగా. ఆ జుట్టు చేసే అమ్మాయి గురించి అప్పుడప్పుడు చెబుతుండేది, నలభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లలు, పదేళ్ళుగా ఈవిడ జుట్టు చూస్తోంది. నేనెప్పుడూ చూడలేదు. శనివారం పొద్దున ఆవిడ నీలం కోటు వేసుకుని, ఒళ్ళో ఒక రేకు డబ్బా పెట్టుకుని నా కారులో కూర్చుంది. డబ్బాలో ఫొటోలు, వాళ్ళమ్మ కుట్టిన బల్లగుడ్డ. "ఇది వాళ్ళకి ఇచ్చేస్తాను. ఎవరో ఒకరి ఇంట్లో ఉండాలి కదా," అంది. మూడు గంటల దారి. కోతలైపోయిన మొక్కజొన్న పొలాలు. ఆవిడ దారంతా మాట్లాడింది. నేను అంత సంతోషంగా ఆవిడని ఎప్పుడూ చూడలేదు. నాకైతే గర్వంగా ఉంది, ఇంకేముంది, నేను కుదిర్చిన సంబంధం కదా!

మంచివాళ్ళు. అది ముందు చెప్పాలి. పంది మాంసం, బంగాళాదుంపలు, ఆపిల్ వేసిన తీపి, బల్ల నిండా వడ్డించారు. భోజనం అయ్యాక ఆ ఇంటాయన చుట్టి ఉన్న పెద్ద కాగితం తెచ్చి బల్ల మీద పరిచాడు. వాళ్ళ వంశవృక్షం. వేలు పెట్టి చూపిస్తూ నెమ్మదిగా చెప్పాడు. వాళ్ళ పల్లెలో పేరు మనిషిది కాదట, పొలానిది. ఆ పొలం ఎవరు చూసుకుంటే, ఆ ఇంట్లో ఎవరుంటే, వాళ్ళు ఆ పేరు పెట్టుకోవాలి. అంతకు ముందున్న సొంత పేరు వదిలెయ్యాలి. కూతుర్ని చేసుకుని వచ్చినవాడైనా, కొనుక్కున్నవాడైనా అంతే.

"మీ ముత్తాత పొలం వదిలేసి అమెరికా వచ్చేశాడు," అన్నాడు ఆవిడతో. "ఆయన వెళ్ళాక ఆ పొలం ఇంకెక్కడి నుంచో వచ్చిన మనిషి తీసుకున్నాడు. పొలంతో పాటు పేరూ వచ్చింది. మేము ఆ మనిషి సంతానం. పేరొక్కటే గానీ మనకి రక్తసంబంధం చుక్క కూడా లేదు." తర్వాత నవ్వి, "మీ ముత్తాతకైనా ఆ పేరు ముందునుంచీ ఉందో, అదీ పొలంతో వచ్చిందో," అన్నాడు. సరదాకే అన్నాడు.

ఈ పద్ధతి గురించి నా నిఘంటువులో లేదా? ఉంది. ముందుమాటలో సగం పేజీ ఉంది. నేను చదివి, ఇదేదో అక్కడక్కడా ఉన్న చాదస్తం అనుకుని పేజీ తిప్పేశాను. మనం ఇంటిపేరు అంటాం, ఇల్లు మారినా ఖండం మారినా ఆ పేరు మారదు. వాళ్ళది నిజంగానే ఇంటి పేరు. ఇల్లు చూసుకున్నవాడికే వస్తుంది, రక్తం ఎవరిదైనా సరే. ఈ తేడా నాకు ఆ బల్ల దగ్గర, అందరి ముందూ తెలిసింది.

"అలాగా," అంది ఆవిడ. ఒక్కటే మాట. ఆ ఇంటావిడ పాపం నొచ్చుకుని, ఫొటోలు చూపించమని అడిగింది. మర్యాద కోసం రెండు చూపించింది. బల్లగుడ్డ బయటికి తియ్యలేదు. డబ్బా మూత పెట్టి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. వాళ్ళు కారు దాకా వచ్చి సాగనంపారు, మళ్ళీ రమ్మన్నారు. ఇక రానివాళ్ళకి చెప్పే 'మళ్ళీ రండి' ఎలా ఉంటుందో అలాగే ఉంది.

 గంట తర్వాత పెట్రోలు కోసం ఆగి, మళ్ళీ కారెక్కాక, నేనే మొదలుపెట్టాను. "క్షమించండి. మా వైపు పేరూ ఊరూ కలిస్తే ఇంక అనుమానమే ఉండదు. అదే అనుకున్నాను."

"తెలుసు," అంది. కోపం లేదు గొంతులో. కోపం ఉంటే నాకు తేలిగ్గా ఉండేది, ఎదురు చెప్పేదాన్ని. "నేను నిన్ను నీ పేరు రాయనా అని అడిగాను. నువ్వు నాకు వాగు పక్కవాళ్ళని వెతికి తెచ్చావు."

నేను చలిగా ఉందని కారులో హీటర్ పెంచాను.

"మా పల్లె పద్ధతి బాగుంది కదూ," అంది మళ్ళీ కాసేపటికి. "ఎవరు దగ్గరుండి చూసుకుంటే వాళ్ళది పేరు."

అప్పుడు అనాలి. "నా పేరు రాయండి" అని మూడు ముక్కలు. నోటిదాకా వచ్చాయి. వాటితో పాటు పన్నెండో రోజు పొద్దున కూడా వచ్చింది, మావారి ఛాతీ, ఆ మెషీన్ ఆగిన తర్వాత గదిలో నిశ్శబ్దం. ఇండికేటర్ వేసి లేన్ మారాను. అలా మారాల్సిన అవసరం లేదు, ముందు ఏ కారూ లేదు. ఆవిడ కళ్ళు మూసుకుంది, నిద్రపోయిందో, నాకు సిగ్గు తగ్గించడానికి అలా చేసిందో తెలీదు.

ఆ తర్వాతి గురువారం కాఫీ మా ఇంట్లో. నాలుగు రోజులుగా కూడగట్టుకుని, కప్పులు బల్ల మీద పెడుతూనే "ఆ కాగితం తెచ్చారా?" అన్నాను.

"ఆసుపత్రిలో ఇచ్చేశాను," అంది. "నా జుట్టు చేసే అమ్మాయి పేరు రాశాను. ఫోన్లో నేను అడగడం పూర్తి చెయ్యకముందే సరేనంది."

నాకు ఏమనిపించిందో ఉన్నదున్నట్టు చెబుతాను. అబ్బ, గండం గడిచింది అనిపించింది. తర్వాత వచ్చింది బాధ, తర్వాత వచ్చింది సిగ్గు. కానీ మొదట వచ్చింది మాత్రం అదే. ఆ రోజు రెండు పేర్లు విప్పాం, ఏ పేర్లో గుర్తులేదు. "ఈటె గారూ" అని మాత్రం ఆవిడ పిలవలేదు, నా పూర్తి పేరు పెట్టి పిలిచింది. అరవై ఏళ్ళకి పైగా పరాయిగా వినిపించిన పేరు ఆ రోజు మరీ పరాయిగా వినిపించింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. రెండో రోజు నేను వెళ్ళేసరికి లేచి కూర్చుని హాస్పిటల్ కాఫీని తిట్టిపోస్తోంది. నేను ఫ్లాస్కులో తీసుకెళ్ళిన కాఫీ తాగింది. ఎదుటి గది తలుపు మీద డాక్టరు పేరు చదివి, "దర్జీ వచ్చాడు, కుట్లు బాగానే వేస్తాడు," అంది. మళ్ళీ మామూలుగా అయిపోయాం అనుకున్నాను. వచ్చే గురువారానికి ఇంటికి వచ్చేస్తుందని ఆవిడ మొక్కలకి నీళ్ళు పోశాను, ఫ్రిజ్‌లో పాలు మార్చాను.

నాలుగో రోజు మధ్యాహ్నం. నేను బట్టలు మడతపెడుతున్నాను. తెలియని నంబరు నుంచి ఫోన్. ఆడగొంతు, ఏడుస్తోంది. "మీరు ఈటె గారేనా?" అంది. గారూ అన్న ముక్క కూడా అచ్చం ఆవిడ పలికినట్టే పలికింది. "నేను ఆవిడ జుట్టు చేస్తాను. మీ అసలు పేరు నాకు తెలీదు. ఆవిడ ఎప్పుడూ ఇలాగే చెప్పేది, ఆవిడ ఫోన్లోనూ మీ నంబరు ఇలాగే ఉంది."

మెదడులో రక్తస్రావం. పొద్దున ఏడింటికి. గొంతులో గొట్టం వేసి మెషీన్ మీద పెట్టారు. ఇద్దరు డాక్టర్లు చూశారు, ఇంక లేచే అవకాశం లేదన్నారు. ఉంచాలా, తియ్యాలా అని ఈ అమ్మాయిని అడుగుతున్నారు. "నాకు ఆవిడ శుక్రవారాల్లో గంటసేపు తెలుసు," అంది. "ఆ గంటలో సగం మీ గురించే చెప్పేది. మీకు తెలిసి ఉంటుంది. ఆవిడ ఏమంటుంది?"

నాకు తెలుసు. రెండేళ్ళ క్రితం ఒక గురువారం తనంతట తనే చెప్పింది, పేర్ల మధ్యలో, నిఘంటువు మీద కేక్ పొడి దులుపుతూ. మెషీన్ల మీద ఒక్క రోజు కూడా వద్దు అంది. అప్పుడు తల ఊపి పేజీ తిప్పాను. ఈ భూమ్మీద ఆ మాట విన్నది నేనొక్కదాన్నే.

"వద్దంటుంది," అన్నాను. "తీసెయ్యమంటుంది. నేను వస్తున్నాను, నేను వచ్చేదాకా ఏదీ చెయ్యనివ్వకు."

పదిహేను నిమిషాల్లో వెళ్ళాను. ఆ అమ్మాయి నన్ను ఎప్పుడూ చూడకపోయినా చూడగానే లేచి వచ్చి పట్టుకుంది. ఆవిడ జుట్టు దిండు మీద ఒకవైపు నలిగిపోయి ఉంటే, బ్యాగ్‌లోంచి దువ్వెన తీసి ఆ అమ్మాయే సరిచేసింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, తెలుగులో ఏవేవో అన్నాను. డాక్టరు వచ్చి చెప్పాల్సినవన్నీ చెప్పాడు. ప్రతి మాటా నాకు ముందే తెలుసు, ఆ మాటలు నేను ఎంతమందికి చెప్పానో. ఆ అమ్మాయి ఒక్కో మాటకీ నా మొహం చూసింది. నేను తల ఊపుతూ ఉన్నాను.

నర్సు కాగితం తెచ్చి, పెన్ను తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది.  ఆ అమ్మాయి రెండుసార్లు పెన్ను కాగితం మీద పెట్టి తీసేసింది. "నేను పెట్టలేను, మీరు పెట్టండి," అంది నాతో, ఏడుస్తూ. నేను చెయ్యి చాచాను. నిజంగానే చాచాను, భయం లేదు, ఏమీ లేదు. నర్సు మెల్లగా నా చెయ్యి వెనక్కి పెట్టి, "లేదమ్మా, ఇందులో మీ పేరు లేదు," అంది.